చలిగుంట దగ్గర ఆగిపోయే హీటరు

పిడుగురాళ్ల దాటి గురజాల వచ్చే దారిలో పాడుబడ్డ నాపరాళ్ల క్వారీ ఒకటుంది. నిండా నల్లటి నీళ్లు. చలిగుంట అంటారు. రాళ్లు మోసే మనిషొకతె అందులో జారిపడి, వణికి వణికి ప్రాణం వదిలిందట. పొద్దుగూకాక ఆ పక్కగా ఎవరు పోయినా తడిచీరతో ఎదురొచ్చి, చెవిలో అడుగుద్ది— "కాస్త... నిప్పుందా?"

లేదన్నావా, నీ ఒంట్లో వేడి పట్టుకుపోద్ది. ఒక లారీ డ్రైవరు అట్లాగే లేదన్నాడు. రోహిణీకార్తెలో కూడా మూడు రగ్గులు కప్పుకుని తిరిగేవాడు పాపం. వాడు పట్టుకుంటే టీ గ్లాసులోనే గడ్డకట్టేది.

అందుకే ఆ దారిన పోయేవాళ్లంతా నిప్పు చూపిస్తూ పోతారు. ఎక్కువమంది బీడీ ముట్టిస్తారు. బీడీ అలవాటు లేని ఐజాజ్ ఊదుబత్తి వెలిగిస్తాడు.

ఐజాజ్ అంటే మన కుల్సుం కొడుకే. కరెంటు కారు కొని బాడుగకు తిప్పుతున్నాడు. కారు బంగారం. హీటరే శని! చలికాలం ఎక్కడ వేసినా కొలిమిలా వేడి కక్కుద్ది. చలిగుంట గట్టు వచ్చిందా— గుస్సుమని మంచుగాలి. గుంట దాటి కాస్త దూరం పోయాక, ఏమీ ఎరగనట్టు మళ్లీ వేడి. ఎక్కిన బేరమల్లా పళ్లు టకటకలాడించుకుంటూ దిగి, మళ్లీ పిలిచేది కాదు.

గుంటూరు షోరూముకు తిరిగీ తిరిగీ అక్కడి వాచ్‌మన్‌కి చుట్టమైపోయాడు ఐజాజ్. వాళ్లు లాప్‌టాప్ తగిలిస్తారు. సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. రోడ్డు మీద తిప్పి చూస్తారు. "ప్రాబ్లమేం లేదు సార్" అంటారు.

"మీ దగ్గర ఎందుకుంటది? మా గుంట దగ్గర ఉంటది!" అని అరిచాడొకసారి. వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఏం గుంట అంటే ఏం చెప్తాడు... దెయ్యమనా? కారు తీసుకుని వచ్చేశాడు.

ఇట్లా ఉండగా, డిసెంబరులో ఒక సాయంత్రం. చెల్లెలు జాస్మిన్‌ని నరసరావుపేట ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తున్నాడు. ఒళ్లో నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డ— టోపీ, మేజోళ్లు, బొంత అన్నీ తీస్తే కాకరకాయంత ఉంటాడు. "చలి మాత్రం తగలనీయొద్దు" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది. షోరూములో ఆ పొద్దునే అంతా చూసి, భేషుగ్గా ఉందన్నారు. ఆ ధైర్యంతోనే బయల్దేరాడు.

పిడుగురాళ్ల దాటేదాకా పొయ్యి పక్కన కూచున్నట్టుంది. చీకటి పడింది. మంచు ఎంత కమ్మిందంటే, ఐజాజ్‌కి తన కారు ముందుభాగమే కనపడటం లేదు.

గుంట గట్టు వచ్చింది.

"ఒరేయ్... నిప్పు," ముందు సీట్లోంచి కుల్సుం గొణిగింది.

ఊదుబత్తి వెలిగించి, ఎప్పట్లాగే స్టీరింగు పక్కనున్న చిన్న జాలీ ముందర గుచ్చాడు.

కాసేపు ఏమీ లేదు... కాసేపు... గుస్!

మంచుగాలి. ఐజాజ్ హీటరు పెంచాడు. ఆపి మళ్లీ వేశాడు. డాష్‌బోర్డుని గుద్దాడు, బతిమాలాడు, తిట్టాడు. "పొద్దునేగా నిన్ను చూపించింది! ఇంకేం కావాలే నీకు?"

"భాయ్..." వెనకనుంచి జాస్మిన్ గొంతు సన్నగా వచ్చింది. "వీడి కాళ్లు చల్లబడుతున్నయ్."

వేగంగా పోదామంటే మంచు. ఆగుదామంటే గుంట. పక్కద్దం మీద... తడిచెయ్యి రాసినట్టు... ఒక చార దిగింది.

బిడ్డ దగ్గాడు.

"ఆ పొగ తీసెయ్ భాయ్."

"తీస్తే అది లోపలికొస్తదే!" కుల్సుం వణికింది.

"వస్తే రానీ అమ్మీ! నా బిడ్డకి ఊపిరాడట్లా!"

జాస్మిన్ ముందుకు వంగి ఊదుబత్తి లాగి నీళ్లసీసాలో ముంచింది. సుయ్...

ఐజాజ్ తెలియకుండానే బ్రేకు తొక్కాడు. కుల్సుం కళ్లు మూసుకుని దువా చదువుతోంది. ఎవరూ కదలటం లేదు. అంతలో ఐజాజ్ మెడ మీద... వెచ్చగా... ఎవరో ఊపిరి వదిలినట్టు—

"ఎ... ఎవరు?"

హీటరు!

ఐజాజ్ ఆ జాలీ వంక చూశాడు. దాని వెనకే గదా సెన్సార్ ఉండేది, కారు లోపల ఎంత వేడుందో కనిపెట్టేది! దాని ముక్కు కిందే రోజూ తను నిప్పు పెడుతున్నాడు. లోపల ఎండాకాలం వచ్చిందనుకుని అది హీటరు ఆపేసి చల్లగాలి వదులుతోంది. ఊదుబత్తి కాలిపోయాక మళ్లీ హీటరు వేస్తోంది. షోరూములో ఎవడు వెలిగించాడు ఊదుబత్తి?

తల స్టీరింగుకేసి కొట్టుకున్నాడు. హారన్ మోగింది. కుల్సుం కారు కప్పుకి తగిలేంత ఎగిరిపడింది.

"ముందు పోనీయరా, సచ్చినోడా!"

కారు కదిలింది. కొంచెం దూరం పోయాక జాస్మిన్ మెల్లగా అంది— "భాయ్, కాస్త తగ్గించవా. వీడికి చెమటలు పడుతున్నయ్."

ఐజాజ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"టోపీ తియ్యవే. ఆ బటన్ జోలికి మాత్రం నేను పోను."