గడువు లేని జవాబు

సముద్రం అడుగున గనులు తవ్వేవాళ్లకీ, ఒడ్డున ఉన్న వాళ్ల ఇళ్లకీ మధ్య ఒక్కటే సన్నని తీగ. అందరూ ఒకేసారి మాట్లాడితే అది మోయలేదు. అందుకే ఒడ్డుకేంద్రంలో బదులరి అనే యంత్రాన్ని పెట్టారు. ఒకసారి వచ్చిన జవాబును అది దాచుకుంటుంది; అదే ప్రశ్న మళ్లీ వస్తే అడుగుదాకా పోకుండా తనే చెప్పేస్తుంది. మొదట్లో నీటిమట్టాలూ భోజనాల వేళలూ మాత్రమే దాచేది. క్షణక్షణం మారే మనుషుల మాటలను కూడా, వాళ్ల గొంతుతోనే దాచడం దానికి నేర్పింది అక్కడ పనిచేసే వకుళే. ఇళ్లవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే కదా, తిన్నావా, పడుకున్నావా అని! ఆ గొంతు సొంతదారు ఒప్పుకుంటేనే దాచాలనీ, మామూలుగా ఒక పూట దాటితే పారేయాలనీ నియమం రాసింది కూడా ఆమే. ఆ తెలివికి కేంద్రమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది.

ఆ ఉదయం వకుళ పని మొదలుపెట్టే ముందు, అడుగున ఉన్న భర్త భార్గవను పిలిచింది.

“ఏవండీ, గడ్డ తీసెయ్యాలంటున్నారు డాక్టరుగారు. గురువారం ఆపరేషన్. మీరు పైకి రాగలరా?”

“అలాగే వకుళా. వేళకి తిను. ఉంటా మరి.”

గొంతులో ఎప్పటి ఆప్యాయతే. గురువారం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అవే మాటలు, అదే చోట అదే చిన్న దగ్గు. పలుకుతున్నది బదులరేనని వకుళకు తెలిసిపోయింది.

పక్క కుర్చీలో పనిచేసే షాహీన్ చేత భార్గవ అమరికలు తెరిపించింది. తన చేత్తో తెరవడానికి ధైర్యం చాలలేదు.

“బావగారు ఒప్పుకోలు ఇచ్చేశారక్కా. నీ ఒక్కదాని పిలుపులకే. గడువు దగ్గర ‘ఎప్పటికీ’ అని పెట్టారు. కొత్త ప్రశ్న వచ్చినా, దానికి దగ్గరగా ఉన్న పాత జవాబే ఇచ్చెయ్యమన్నారు.”

“ఎప్పట్నించి?”

“వానలు మొదలైనప్పట్నించి.”

అంటే ఆ వానాకాలమంతా ఆమె నవ్వింది, అలిగింది, బతిమాలింది ఒక డబ్బాతో. కోపం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. గడ్డ చేతికి తగిలిన రోజున ఆ గొంతు వినే కదా గుండె దిటవు చేసుకుంది! నమ్మించి గొంతు కోశాడు మనిషి, అదీ ఆమె నూరి ఇచ్చిన కత్తితో.

“బదులరిలోంచి ఆయన పేరు తీసెయ్, షాహీన్. నా పిలుపు నేరుగా అడుగుకి పోనీ.”

చాలాసేపటికి అడుగునుంచి అసలు భార్గవ పలికాడు. గొంతు బొంగురుగా, విసుగ్గా ఉంది.

“ఏమిటి వకుళా, బదులరి పాడైందా?”

“లేదండీ, బాగానే పనిచేస్తోంది,” అని ఆమె తీగ వదిలేసింది.

తర్వాత కుర్చీ తిప్పి, “గురువారం ఆసుపత్రికి నాతో వస్తావా?” అని షాహీన్‌ను అడిగింది. ఆ పిల్ల జవాబు చెప్పేదాకా కళ్లార్పకుండా ఆమె పెదవులకేసే చూస్తూ కూర్చుంది.