టీ అయిపోనివ్వండి

రైల్వే స్టేషన్ క్యాంటీన్‌లో, తెల్లగడ్డం ముసలివాడి వేషంలో ఉండగా ఓ సీక్రెట్ ఏజెంట్‌ని శత్రువులు కాల్చేశారు. ఎదురుగా తుపాకి ఉన్నా అతను కప్పు దించలేదు. "టీ అయిపోనివ్వండి," అన్నాడు తాపీగా. సీసీ కెమెరా అంతా రికార్డు చేసింది. డిపార్ట్‌మెంట్ విషయాన్ని గుట్టుగా దాచేసింది.

వారం తిరక్కుండా ఆ క్లిప్ నెట్‌లోకొచ్చింది. కాల్చిన ముక్క మాత్రం లేదు. జనం కామెడీ అనుకున్నారు. వెనకాల డప్పు మోత తగిలించారు. బాస్ పిలిస్తే "టీ అయిపోనివ్వండి." పెళ్లెప్పుడంటే "టీ అయిపోనివ్వండి." చివరికి టీషర్టుల మీదా అదే.

'పిచ్చుక' అనే ఏజెంట్ మాత్రం ఆ గొంతు విన్న ప్రతిసారీ చెవులు మూసుకోబోయి ఆగేది. పోయింది ఆమె సొంత అన్నయ్య. బస్సులో అందరూ నవ్వుతుంటే తనూ నవ్వాల్సి వచ్చేది. గూఢచారి చెల్లెలికి నలుగురిలో ఏడ్చే హక్కు కూడా లేదు.

ఒకరోజు లిఫ్టులో పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాల సుందరి కలిసింది. శత్రువుల ముఠాలో మన మనిషి.

"క్లిప్ వదిలింది మా ముఠావాళ్లే," అంది గుసగుసగా. "డ్యామ్ గేట్లెత్తి కింది ఊళ్లు ముంచుతారు. రెడీ అయినవాడల్లా ఆ మాట పోస్ట్ చేస్తాడు. ఎవరెవరో నాకూ తెలీదు."

చీఫ్ తల పట్టుకున్నాడు. "లక్షలమంది అంటున్నారు. వాళ్లలోంచి ఎలా ఏరతాం?"

"మిగతావాళ్లు మానేస్తే చాలు సార్," అంది పిచ్చుక.

"మానమంటే మానతారా?"

"మానరు. మనం మొదలుపెడితే మానేస్తారు."

చీఫ్ ఆమె వైపు చూశాడు. "అది మీ అన్నయ్య చివరి మాటమ్మా. ఇక ఎవరి నోటా వినపడదు."

"తెలుసు సార్," అంది. ఆ మాటని ఇన్నాళ్లూ తిట్టుకుంది. అది ఉన్నన్నాళ్లూ అన్నయ్య ఎక్కడో ఓ మూల బతికే ఉన్నాడని ఇప్పుడు తోచింది.

మర్నాటి నుంచి ప్రభుత్వం ఆ మాటతోనే జనం మీద విరుచుకుపడింది. పన్నుల ప్రకటనలో అదే మాట. కరెంటు బిల్లు వెనకా అదే. మంత్రిగారు దానికి డాన్సు కూడా కట్టారు. "ఛీ, మా నాన్న కూడా అంటున్నాడు!" అంటూ పిల్లలు మొహాలు చిట్లించారు. చూస్తుండగానే మాట చచ్చింది.

నలుగురు మాత్రం ఇంకా పోస్ట్ చేస్తూనే ఉన్నారు. వాళ్లు నవ్వించడానికి కాదు, ఆర్డరు ప్రకారం అంటున్నారు. నలుగురూ డ్యామ్ ఉద్యోగులే. ముగ్గుర్ని ఇళ్ల దగ్గరే పట్టుకున్నారు. క్లీనర్ వేషంలో పిచ్చుక కంట్రోల్ రూమ్‌లోకి దూరేసరికి నాలుగోవాడి వేలు గేటు బటన్ మీదుంది. తుడుపుకర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది. గేట్లు కదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె టీకొట్టులో కూర్చుంటే ఫోన్ మోగింది.

"కొత్త అసైన్‌మెంట్. వెంటనే రా," అన్నాడు చీఫ్.

"టీ అయిపోనివ్వండి."

కొట్టు ఆవిడ పకపకా నవ్వింది. "ఇంకా అదేనామ్మా? పాతదైపోయిందిగా!"

"అవునండీ," అంది పిచ్చుక కళ్లొత్తుకుంటూ. "దాన్ని పాతబడేలా చేసింది నేనే."