ముందస్తు వాయిదా

"చివరి వాయిదా చెల్లింది" అంది చేతికున్న పట్టీ.

నూకరత్నం ఉలిక్కిపడి చూసింది. కాకినాడ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి. ఎందుకు ఏడ్చిందో ఆమెకు తెలియదు.

సొంతంగా టైలరింగ్ షాపు నడిపే నూకరత్నానికి కిందటేడు పెళ్లిళ్ల గిరాకీ బాగా తగిలింది. దాని వెనకే ఒక్కసారిగా కట్టలేనంత పన్ను కూడా తగిలింది. అలాంటివాళ్ల కోసం ప్రభుత్వం కాలవాయిదాలు పెట్టింది. రోజూ సాయంత్రం ఒక గంట ఆసుపత్రిలాంటి చోట ప్రజాసేవ చేస్తే చాలు. ఆ గంటసేపు మనిషి మామూలుగానే నవ్వుతుంది, మాట్లాడుతుంది. గంట తీరగానే ఆ జ్ఞాపకాలన్నీ మరపుపట్టీలోకి వెళ్లిపోతాయి. మర్నాడు పట్టీ పెట్టుకుంటే మళ్లీ అక్కణ్ణుంచే మొదలు. రోగుల గుట్టు బయటపడదు, పన్ను కట్టిన అలసట మనసుకు తెలియదు.

చివరి వాయిదా చెల్లిన మర్నాడు ఆమె జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే, ఒక నడకకుర్చీ నాలుగు కాళ్ల మీద మెట్లెక్కి గుమ్మంలో ఆగింది. అందులో ఆసుపత్రి బట్టల్లో ఉన్న పెద్దాయన.

"రత్నం, నిన్న నేను ఆ మాట అనాల్సింది కాదమ్మా. తప్పయిపోయింది."

"మీరెవరండీ?"

ఆయన ముఖం పాలిపోయింది. "జోగినాథాన్ని. గోదావరి మీద లాంచీ నడిపినవాణ్ణి. రోజూ నా మంచం పక్కనే కూచునేదానివి. పట్టీ సంగతి నువ్వే చెప్పావుగానీ, మరీ ఇంతగా మర్చిపోతావనుకోలేదు."

"ఇంతకీ నన్నేమన్నారు?"

"మళ్లీ నా నోటితో అనలేను. రేపు గుండె ఆపరేషను. క్షమించానని ఒక్క మాట చెప్పమ్మా."

"క్షమించానండి" అంది చప్పున. హుక్కు ఊడిందని వచ్చినవాళ్లతో పర్లేదులెండి అన్నట్టే ఉంది ఆ మాట.

జోగినాథం తల అడ్డంగా ఊపాడు. "నొచ్చుకున్నది నువ్వు కాదుగా తల్లీ."

కుర్చీ వెనక్కి తిరిగింది. నూకరత్నానికి పని సాగలేదు. హుక్కులు తిరగేసి కుట్టేసింది. నొచ్చుకున్న మనిషి తనే. కానీ ఆ నొప్పి తన దగ్గర లేదు. మరి అది ఎవరి దగ్గర ఉన్నట్టు? షాపు మూసి, పొద్దున పట్టీ అప్పగించి వచ్చిన పన్నుల కార్యాలయానికి మళ్లీ వెళ్లింది.

"మీ బాకీ తీరిపోయిందండీ" అంది అక్కడి అధికారి ఖాసింబీ.

"వచ్చే ఏటి పన్నులో ఒక వాయిదా ముందే కట్టించుకోండి. నా పాత పట్టీతోనే."

"వచ్చే ఏడు మీకెంత వస్తుందో ఇప్పుడే ఎలా తెలుస్తుంది?"

"ఎంతోకొంత వస్తుంది కదండీ!"

ఖాసింబీ తెర మీద చాలాసేపు వెతికింది. "వాయిదా కావాలని అడిగినవాళ్లను నేను చూళ్లేదు. కూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు" అంటూ పట్టీ తీసిచ్చింది.

ఆ సాయంత్రం జోగినాథం మంచం పక్కన కూచుని, నూకరత్నం పట్టీ బిగించుకుంది.

ఆమెకు తెలిసినంతలో మరుక్షణమే గంట అయిపోయిందని పట్టీ చెప్పింది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. ఆయన చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఆయన ముఖం అలసిపోయి ఉన్నా తేటగా ఉంది.

"ఏమైందండీ?"

"చాలాసేపు తిట్టింది. తర్వాత క్షమించింది."

"దేనికి? నన్నేమన్నారో ఇప్పుడన్నా చెప్పండి."

"నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుందమ్మా."

"ఎవరు?"

జోగినాథం ఆమె చేతికున్న పట్టీకేసి, తర్వాత ఆమెకేసి చూశాడు. పట్టుకున్న చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.