ఉత్తరానికి కొట్టుకొచ్చిన ఇసుక

అచ్యుతరావు బతుకంతా ఇసుకతోనే. ఉప్పల్‌లో ఆఫీసు, నాచారంలో అద్దె వాటా. సముద్రం ఒడ్డుని ఎక్కడ కోస్తోందో, కోసిందాన్ని ఎక్కడ మేట వేస్తోందో తేల్చడం అతని పని. అరవై ఎనిమిది వేసవిలో ఆ పని మీదే కోస్తాలోని సొంతూరు వెళ్ళాడు. ఊరికి దక్షిణాన పసిపిల్లల్ని పూడ్చే దిబ్బని అప్పటికే అల తినేసింది. పురిట్లోనే పోయిన అతని తొలిచూలు కొడుకుని పెట్టింది ఆ దిబ్బలోనే. కాసేపు ఏడ్చి, ఊరికి ఉత్తరాన కొత్తగా మేట వేసిన తిన్నె మీద పరీక్షకని గోనెసంచి నిండా ఇసుక నింపుకుని రైలెక్కాడు.

జల్లెడ పట్టగా మిగిలిన ఇసుక పారబోయడానికి మనసొప్పలేదు. ఐదేళ్ళ కూతురు ఉమ ఆడుకుంటుందని పెరట్లో పోశాడు. మొగుడూ పెళ్ళాలకి మిగిలింది ఆ ఒక్క నలుసే. అది అలిగితే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాక్టరీల రొద ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెరటి వైపు నుంచి... అల వెనక్కి తగ్గుతూ ఒడ్డుని ఈడ్చుకుపోయే చప్పుడు. కుళ్ళిన నాచు వాసన. ఇంటిగలావిడ సుశీలమ్మ గోడ పక్కనుంచి గొంతు తగ్గించి పిలిచింది.

"సారూ, మీ బిడ్డ ఎవరితోని మాట్లాడుతుంది? గక్కడ ఎవ్వరు లేరు గదా."

అతను లాంతరు పట్టుకుని పరుగెత్తాడు. ఇసుక తడిసి ఉంది. దాని మీద అలల చాళ్ళు. మధ్యలో ఉమ ఒక్కతే.

"అన్నయ్య వచ్చాడు నాన్నా," అంది గుసగుసగా. "కొంచెం కొంచెంగా వచ్చాడు. ఇంకా చాల్లేదట."

అప్పుడు తట్టింది. ఆ తీరాన అల దక్షిణాన కోసింది ఉత్తరానికి మోసుకుపోతుంది. ఆ దిబ్బ ఎటు పోయి ఉంటుందో లోకంలో అందరికంటే తనకే తెలియాలి. ఊరందరికీ చెప్పే చదువు తన కొడుకు దగ్గరికొచ్చేసరికి అక్కరకు రాలేదు.

అప్పటికప్పుడే ఇసుకంతా చేతులతో ఎత్తి, ఊడ్చి, రిక్షాలో వేసుకెళ్ళి మూసీలో కలిపేశాడు. వెళ్ళిపో నాయనా అని చేతులు జోడించాడు.

తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. భార్య సత్యవేణి ఉమ చెయ్యి దీపం కింద పెట్టుకుని చూస్తోంది. అరచేతిలో గీతలు లేవు. గోళ్ళు లేవు. వేళ్ళ కొసలు ఏటిరాయిలా అరిగి నున్నగా ఉన్నాయి. నెత్తురు లేదు... నొప్పి లేదంటోంది పిల్ల.

"పొద్దున అన్నం పెట్టినప్పుడు బాగానే ఉందండీ," అంది సత్యవేణి.

అతను రెండో చెయ్యి విప్పి చూశాడు. చిటికెన వేలు, అల కోసేసిన ఒడ్డులా, సగమే ఉంది.

పెరట్లో, ఊడ్చేసిన నేల మీద, ఎవరో చిన్న చేతులతో చప్పట్లు కొడుతున్నారు.