ఉప్పుమంచు పెట్టె

ఆ ఇంటి కోడళ్లిద్దరూ ఒకే ప్రయోగశాలలో పని చేసేవారు. ఇనుముకి తుప్పు పట్టకుండా చూడడమే ఇద్దరి పనీ.

పెద్దకోడలిది పూతల విద్య. బేరింగు ఉక్కు మీద ఆమె పూసిన పూత మొదట్లో అద్దంలా మెరిసేది. బేరింగులో గుండ్లు తిరగడం మొదలయ్యేసరికి పొలుసులు పొలుసులుగా రాలిపోయేది. తరవాత వచ్చిన చిన్నకోడలు పూత జోలికే పోలేదు. గాలి తోడేసిన గదిలో ఉక్కు రింగుల్ని పెట్టి, నైట్రోజన్ అయాన్లను తూటాల్లా వాటి ఒంట్లోకి దించేసింది. పైన అంటించినదేదీ లేనప్పుడు ఇక రాలడానికేముంది?

"మా చిన్నది ఇనుము చేత కూడా చెప్పినట్టు చేయిస్తుంది," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేది. అదైనా ఓర్చుకుంది పెద్దకోడలు. కానీ ఓ పూట భోజనాల దగ్గర మొగుడే, "పోనీ, మరదల్ని అడిగి నేర్చుకోరాదూ?" అన్నాడు. ఆమె చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది.

మర్నాడు ఆ రింగులు చూసి కొనేవాళ్లు వస్తారనగా, సెలవురోజు మధ్యాహ్నం ఒక్కతే ప్రయోగశాల నేలమాళిగలోకి దిగింది. అక్కడ తుప్పు పరీక్షకు పెట్టిన గాజుమూత పెట్టెలో ఉప్పునీటి మంచు కురుస్తోంది. అందులోనే తోడికోడలి రింగులున్నాయి. రోజులు గడిచినా ఒక్కదానికీ మచ్చ లేదు.

అయాన్లు దిగిన మేర వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదని ఆమెకు తెలుసు. గరుకైన ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే చాలు, తెల్లారేసరికి ఎర్రగా పొక్కుతుంది. మూతెత్తి, ఒక రింగు తీసి, పళ్లు బిగబట్టి రుద్దింది. మళ్లీ లోపల పెట్టి మూత వేసింది. కడుపులో మంట కాస్త చల్లారినట్టనిపించింది.

వెనక్కి తిరిగింది.

గర్... గర్...

ఎమరీ కాగితం చప్పుడు. కాగితం ఆమె చేతిలోనే ఉంది. చప్పుడు పెట్టెలోంచి వస్తోంది.

తడి ఇనుము వాసన గుప్పుమంది. మూత కింద మంచు చిక్కబడింది. చప్పుడు ఆగింది.

"అక్కా..."

తోడికోడలి గొంతే. గుసగుసగా.

"ఇంకొంచెం రుద్దక్కా..."

"ఎవరు? నువ్వేనా?"

మూతెత్తింది. లోపల ఎవరూ లేరు. తను రుద్దిన రింగేదో పోల్చుకోలేకపోయింది... అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఒక్క గీతైనా లేదు.

మచ్చ తన బొటనవేలి మీద ఉంది. ఎర్రటి తుప్పు మచ్చ. చూస్తుండగానే పాకుతోంది. మూలనున్న కుళాయి కింద సబ్బుతో కడిగింది. పోలేదు. పైటచెంగుతో తుడిచింది. పోలేదు. దిక్కుతోచక, తెరిచిన పెట్టె దగ్గరే నిలబడి అదే ఎమరీ కాగితంతో రుద్దింది. నొప్పి పుట్టలేదు. నెత్తురు రాలేదు. ఎర్రటి పొడి మాత్రం జలజలా పెట్టెలోకి రాలింది... మంచులో కలిసిపోయింది.

మచ్చ పోయింది. దాంతోపాటు వేలిముద్ర గీతలూ పోయాయి. వేలు గాజుముక్కలా నున్నగా ఉంది.

ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు. వేలికి గుడ్డ చుట్టి, వంటింట్లో తెగిందని చెప్పి పడుకుంది. కన్ను మూతపడితే ఒట్టు. తెల్లారాక ఒక్కటే తోచింది... ఆ పెట్టె తెరవొద్దని తోడికోడలికి చెప్పాలి. కానీ చిన్నకోడలు అప్పటికే బయల్దేరి వెళ్లిపోయింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

పెద్దకోడలు పరుగులాంటి నడకతో ప్రయోగశాల చేరింది. గుడ్డ విప్పి, గుమ్మం దగ్గర వేలిముద్ర తీసుకునే హాజరు యంత్రం మీద వేలు పెట్టింది. కీచుమంది. మళ్లీ పెట్టింది. ఆ వేలిని గుర్తించక మళ్లీ కీచుమంది.

కాపలాదారు నవ్వుతూ లేచొచ్చాడు.

"మళ్లీ ఎందుకమ్మా? ఇందాకే వేలు పెట్టి లోపలికి వెళ్లారుగా!"

"నేనా?"

"మీరే కదమ్మా. మీ పేరే పడింది." అతను ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వు చెదిరింది. "చిన్నమ్మగారి చెయ్యి పట్టుకుని, నవ్వుకుంటూ నేలమాళిగలోకి దిగారు... మీరు ఎటునుంచి బయటికొచ్చారు?"