నవ్వితే ఒప్పుకున్నట్టేనా?

“నాకు నైట్ షిఫ్ట్ వేశారత్తయ్యా,” అంది కోడలు, ఫోన్ పక్కన పడేసి.

“గిఫ్టా? ఏమిచ్చారే?” మంచం మీద అత్తగారి మొహం వెలిగిపోయింది. “దుప్పటైతే ముదురు రంగు తీసుకో. మాపు కనపడదు.”

“గిఫ్ట్ కాదు, షిఫ్ట్! ఏదో హోటల్ ఆర్డరు తొందరట, సోమవారం నుంచి రాత్రంతా పరుపులు కుట్టాలట.”

రాత్రి లోడు దించి వచ్చి టీ తాగుతున్న కొడుకు ఊరుకుంటాడా? “రాత్రిళ్లు కుట్టడానికి దోమలున్నాయిగా! నువ్వెందుకు?” అన్నాడు.

అత్తగారు పకపకా నవ్వింది. కోడలు నవ్వలేదు.

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే పరుపుల కార్ఖానా. అతను రాత్రిళ్లు వ్యాన్ తోలతాడు, ఆమె పగళ్లు మిషన్ తొక్కుతుంది. ఎప్పుడూ ఒకరు ఇంట్లో ఉండాలని అలా కుదుర్చుకున్నారు. మొన్నామధ్య అర్ధరాత్రి కళ్లు తిరిగి స్నానాలగదిలో పడిపోయిన దగ్గర్నుంచి, చెయ్యి ఆసరా లేనిదే అత్తగారు మంచం దిగడం లేదు.

“నిన్న మీరు ఓనర్ దగ్గరికి వెళ్లింది ఈ షిఫ్ట్ వద్దని చెప్పడానికేగా? మాటకారివాడని అందరూ మిమ్మల్నే పంపారు. ఏం చెప్పారు?”

“చెబుదామనే వెళ్లా. ఆయన గొంతు పెంచాడు.”

“పెంచితే?”

“ఏదో... నవ్వించా.”

“ఏమని?”

అతను గ్లాసు కింద పెట్టాడు. “మా ఆవిణ్ణి రాత్రి పనికి పిలవండి సార్, ఇంట్లో పగలు తగ్గుతాయి, అన్నా. పగటిపూట పగలూ, కొట్లాట పగలూ కలిసొచ్చాయి కదా అని. ఆయన పడీపడీ నవ్వి వీపు తట్టాడు.”

“వీపు తట్టి షిఫ్ట్ అంటగట్టాడు! మీ మాట విరుపుకి నా నడుము విరగాలి. అదీ పోనివ్వండి. రాత్రి మీరు రోడ్డు మీద, నేను మిషన్ మీద. అత్తయ్య ఎవరి మీద ఆనుకుని లేవాలి?”

అతను ఏదో అనబోయాడు.

“వద్దు! ఇంకొక్క జోకు వేశారంటే నేను మీతో మాట్లాడను. మీరు ఓనర్‌కి అమ్ముడుపోయారని కుట్టేవాళ్లంతా అనుకుంటున్నారట. ఇప్పుడు ఫోన్‌లో నా పక్క మిషన్ అక్క అదే అంది. నాకూ అదే అనిపించింది.”

ఆ మాటతో అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్ముడుపోలేదే, భయపడ్డాడు,” అంది అత్తగారు. నవ్వు ఆమె గొంతులోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. “మీ మామగారి గొంతు లేస్తే ఇంట్లో గిన్నెలు కూడా లేచేవి. అప్పుడు వీడు మేకలా అరిచి పల్టీ కొట్టేవాడు. ఆయన నవ్వేసి, ఎత్తిన చెయ్యి దించేవారు. వెనక నిలబడి వీణ్ణి ముందుకు తోసింది నేనే. వీడు జోకు వేస్తున్నాడంటే దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నట్టే.”

కోడలు కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ల కాపురంలో తను గొంతు పెంచినప్పుడల్లా అతను వేసిన జోకులు వరసగా గుర్తొచ్చాయి. వాటికి తను నవ్వింది కూడా.

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“చెబుదామంటే నవ్వొచ్చేది,” అన్నాడు. కళ్ల నిండా నీళ్లున్నాయి.

పక్కింటావిణ్ణి అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరూ కార్ఖానాకు వెళ్లారు.

“నిన్న నవ్వుతూ ఒప్పుకుని ఇవాళ మాట మారుస్తావా?” యజమాని కేక మిషన్ల మోతను మించిపోయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

డ్రైవర్ నాలుక చివరికి మూడు జోకులు తోసుకుంటూ వచ్చాయి. చేదు మాత్రల్లా మూడూ మింగాడు.

“ఒప్పుకోలేదు సార్. మీరు అరిస్తే భయమేసింది. భయమేస్తే ఎదుటివాళ్లని నవ్విస్తా. చిన్నప్పటి అలవాటు.”

కుట్టేవాళ్లలో ఒకావిడ తర్వాతి చమత్కారం కోసం ముందుగానే కిసుక్కుమంది. చమత్కారం రాలేదు. ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

“మా అమ్మ రాత్రిళ్లు ఒంటరిగా ఉండలేదు. మా ఆవిడ రాత్రి పనికి రాదు. మిగతావాళ్ల సంగతి వాళ్లనే అడగండి. పరుపులు సగం ముందు పంపుదాం, సగం తర్వాత. రెండో ట్రిప్పు కూడా నేనే తోలతా.”

యజమాని ఆగిపోయిన మిషన్ల వంక చూశాడు. తన కేకకు భయమేసిందని ఆయన మొహం మీద ఇంతవరకూ ఎవరూ అనలేదు. “ఆ హోటల్‌వాడు నా మీద అరిచాడయ్యా,” అన్నాడు చివరికి చిన్నగా. “వాడి మీద అరవలేక నీ మీద అరిచా. సగం సగం అంటే ఏమంటాడో అడుగుతా.” ఫోన్ చేసి వచ్చి, “సోమవారం అందరూ పగలే రండి,” అన్నాడు.

ఫోన్‌లో మాట్లాడిన అక్క లేచి వచ్చింది. “అమ్ముడుపోయావనుకున్నా తమ్ముడూ. నిన్న గదిలోంచి ఒకటే నవ్వులు వినపడ్డాయి మరి!”

భార్య అతని పక్కకు వచ్చి, చెయ్యి పట్టుకుంది.

“ఈయన నవ్వించారంటే ఒప్పుకున్నట్టు కాదు,” అంది యజమానితో, అందరికీ వినపడేలా. “అప్పుడు గొంతు తగ్గించి ఇంకోసారి అడగండి. నేనూ ఇకనుంచి అలాగే అడుగుతా.”