లారిస్టన్ ఓడ టోపీ పట్టీ

1961 అక్టోబరు పద్నాలుగు, శనివారం. ఇంగ్లండులోని రేవు పట్టణం ప్లిమత్‌లో పొద్దుటి నుంచీ చినుకులు. ప్రైవేటు డిటెక్టివ్ రోస్‌వార్న్, అతని సహాయకురాలు బెరిల్ మాంసం కూరిన వేడి పాస్టీలు తింటుండగా, రేవు గ్రంథాలయం నడిపే మిస్ నాన్‌కారో కంగారుగా వచ్చింది. బెరిల్ తన పాస్టీలో పెద్ద ముక్క ఆమె చేతిలో పెట్టింది.

"ముందు తినండమ్మా. ఖాళీ కడుపుకి భయం ఎక్కువ," అన్నాడు రోస్‌వార్న్.

యుద్ధనౌకల గురించి తప్పక చదవవలసిన పుస్తకాలను ఏటా ఆమె ఎంచి, విడిగా ఒక అరలో పెడుతుంది. ఈసారి మొదటి స్థానం 'లారిస్టన్' ఓడ కథది. రాసింది ఆ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడ్డ పెంగెలీ. అయితే బట్టల దుకాణం నడిపే సెసిల్ వివియన్, ఆ పుస్తకం రాతప్రతి ఓడతోపాటు పోయిన తన తమ్ముడు డెనిస్‌దని, పెంగెలీ కాజేశాడని అంటున్నాడు.

"సాయంత్రంలోగా పుస్తకం తీసెయ్యాలట. రేవులో అందరూ పెంగెలీ గారిని దొంగంటున్నారు. ఆయన అన్నం కూడా మానేశారు," అంది మిస్ నాన్‌కారో.

"నేనది మూడుసార్లు చదివాను," అన్నాడు రోస్‌వార్న్. "ఫిరంగుల సైజులు రాసినవాళ్లు బోలెడు మంది. ఓడలో మనుషులు ఎలా నిద్రపోయారో రాసింది ఈయనొక్కడే."

ముగ్గురూ వెళ్లేసరికి గ్రంథాలయంలో పెంగెలీ, సెసిల్ ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. గోడ మీద లారిస్టన్ నావికుల ఫొటో ఉంది. కింద 1942, కొత్త ఓడ తొలి ప్రయాణం అని రాసి ఉంది.

"టోపీల మీద ఓడ పేరు లేదేంటి సార్? నౌకాదళం గుర్తు మూడక్షరాలే ఉన్నాయి," అంది బెరిల్.

"నీ కన్ను చురుకైందమ్మా," అని రోస్‌వార్న్ సెసిల్ వైపు తిరిగాడు. "మీ సాక్ష్యం?"

సెసిల్ నల్ల సిల్కు పట్టీ ఒకటి తీశాడు. దాని మీద బంగారు దారంతో 'లారిస్టన్' అని ఉంది. "తమ్ముడు రాతప్రతిని ఈ టోపీ పట్టీతో కట్టి ఓడ నుంచే పంపాడు. ఈ ముసలాయన చదివి ఇస్తానని పట్టుకుపోయాడు."

"నాకేం ఇవ్వలేదు నాయనా," అన్నాడు పెంగెలీ.

రోస్‌వార్న్ అందరినీ ఫొటో దగ్గరికి పిలిచాడు.

"ఏ ఓడ రేవులో ఉందో శత్రువుకు తెలియకూడదని యుద్ధకాలంలో టోపీ పట్టీల మీద ఓడ పేర్లు తీసేశారు. లారిస్టన్ నీళ్లలో దిగింది యుద్ధంలోనే, మునిగిందీ యుద్ధంలోనే. దాని పేరున్న పట్టీ ఏ నావికుడూ కట్టలేదు. ఇది మీ దుకాణంలో కుట్టించిందే కదూ వివియన్ గారూ?"

సెసిల్ తల దించుకున్నాడు. "స్మారకం రాతి మీద వాడి పేరుంది. దాన్నెవరు చదువుతారు? పుస్తకమైతే చదువుతారు కదా."

"మీరు చదివారా?" అన్నాడు పెంగెలీ.

"ఓడ పేరు చూసి మూసేశాను. ధైర్యం చాల్లేదు."

"చివరి అధ్యాయం మొత్తం డెనిసే. ఓడ మునిగాక తెప్ప మీద మమ్మల్ని నిద్రపోనిస్తేగా. నిద్రపోతే చలికి పోతామని రాత్రంతా కబుర్లు చెప్పాడు. మీరు చిన్నప్పుడు మీ అమ్మ టోపీ పెట్టుకుని చర్చికెళ్లారట?"

సెసిల్ నవ్వబోయి ఏడ్చాడు. "ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు."

"తెల్లారేసరికి వాడు లేడు. మేం ఆరుగురం ఉన్నాం."

"నేను పొద్దున్నే రేవుకెళ్లి అందరికీ నిజం చెప్తాను," అన్నాడు సెసిల్.

మిస్ నాన్‌కారో పుస్తకం తెచ్చి అతని ముందు తెరిచింది. పెంగెలీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. గ్రంథాలయం మూసే వేళ దాటింది. ఆమె దీపం ఆర్పలేదు. డిటెక్టివ్‌నూ బెరిల్‌నూ సాగనంపి, లోపలివాళ్లకు వినిపించకుండా వీధి తలుపు మూసింది.